పన్నెండో సంతకం

మిసిసిపీలో పత్తి చేల నడుమ ఓ చిన్న ఊరు. క్రంప్టన్ అంత్యక్రియల బీమా ఆఫీసు, మిట్టమధ్యాహ్నం. ఏజెంటు ఎజెల్ క్రంప్టన్ పోయి నాలుగు నెలలైంది. ఆయన కుర్చీలో ఇప్పుడు కూతురు వెర్నీస్. ఎదురుగా, రాష్ట్ర బీమా శాఖ నుంచి తనిఖీకి వచ్చిన హోలిస్ డెంట్.

"పదకొండు సంతకాలు నావే సార్. ఒప్పుకున్నాగా."

"పన్నెండు ఉన్నాయమ్మా."

"పదకొండే."

"ప్రతి ఫారం చివరా ఏముంది? 'ఈ వ్యక్తిని నేను స్వయంగా చూశాను' అని. కింద మీ నాన్న సంతకం. నాలుగు నెలల కింద పోయినాయన ఎలా చూస్తాడు?"

"చూసింది నేను. ఇంటింటికీ నేనే తిరిగా. నా సంతకం చూస్తే ఫారం తిప్పి ఇచ్చేసేవాళ్ళు. ఎజెల్ పెడితేనే తీసుకుంటాం అనేవాళ్ళు. తొంభై ఏళ్ళ పెర్లీన్ ముసలమ్మతో ఏం వాదిస్తాను?"

"మీకూ లైసెన్సు ఉందిగా. మీ పేరే పెట్టాల్సింది."

"పెట్టాల్సిందే. శిక్షేంటో చెప్పండి."

"పదకొండుతో ఆగితే జరిమానా, ఏడాది సస్పెన్షన్. పన్నెండోదీ మీదే అయితే లైసెన్సు పోయినట్టే. జన్మలో మళ్ళీ ఇవ్వరు."

"అయితే ఏడాదే రాయండి. నాకు తెలిసిన పని ఇదొక్కటే."

"సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. పన్నెండోదాని మీద తేదీ పోయిన మంగళవారం..."

"మంగళవారం నేను గడప దాటలేదు. ఏదీ, చూపించండి... ఇది నాది కాదు."

"ఎలా చెప్పగలరు?"

"ఆకుపచ్చ సిరా. అది నాన్న పెన్ను. చొక్కా జేబులో పెట్టి, పెన్నుతో సహా పూడ్చాం."

"అలాంటి పెన్నులు ఎక్కడైనా దొరుకుతాయి."

"దొరుకుతాయి. కానీ ఆ చివరి గీత... పాలసీదారు పేరు మీద చెయ్యి అడ్డం పెట్టారేంటి సార్?"

"ముందు ఒకటి చెప్పండి. ఎవరికి చావు దగ్గరపడిందో మీ నాన్నకి ముందే తెలిసేదంటారు ఊళ్ళో."

"అంటారు. పిలవకుండా నాన్న ఎవరి గుమ్మం ఎక్కితే వాళ్ళు నెల తిరిగేసరికి... వదిలేయండి సార్."

"నెలా?"

"ఒక్కోసారి అంత కూడా పట్టేది కాదు. ఎందుకిదంతా?"

"మంగళవారం మా ఇంటికి ఎవరో ముసలాయన వచ్చాడట. మా ఆవిడ మజ్జిగ ఇచ్చిందట. టోపీ మోకాలికి తగిలించుకుని కూర్చున్నాడట..."

"ఎడమ మోకాలికా?"

"మీకెలా తెలుసు?"

"చెయ్యి తియ్యండి సార్."

"నా పేరేనమ్మా. ముగ్గురు పిల్లలు నాకు. చిన్నదానికి ఆరేళ్ళు. శాఖ మీద కోపంతో మీరే చేశారేమోనని... చేసుంటే బాగుండునని... అందుకే ఉత్తరం పంపకుండా నేనే వచ్చాను."

"మంచినీళ్ళు తాగండి."

"మీది కాదుగా?"

"నాదే సార్."

"పెన్ను పూడ్చామన్నారు."

"లైసెన్సు పోతుందని భయపడి అబద్ధం చెప్పా. మీ ఇంటికి పంపింది మా పక్కింటాయన్ని."

"నిజంగా?"

"నిజంగానే. పన్నెండని రాసుకుని, తొందరగా పిల్లల దగ్గరికి వెళ్ళండి."