గడ్డం కింద రెండు వేళ్ళు

కోవిల్‌పట్టిలో ఇరవై ఏండ్లుగా పెండ్లి ఫొటోలే తీసినవాడు, మొదటిసారి విరుదునగర్‌లో ఒక చిన్న హాల్లో రాక్ కచేరికి కెమెరా పట్టాడు. మరునాడు పొద్దున్నే ఆ కచేరిలో పాడిన పిల్ల తన స్టూడియో మెట్లెక్కి వచ్చేసరికి తల ఎత్తలేకపోయాడు.

“అన్నా, పాడతా ఉంటే స్టేజీ ఎక్కి నా గడ్డం పట్టి తిప్పినారే, ఆ ఫొటో కావాల.”

“అది తుడిచేస్తిని పాపా. దాంట్లో నా వేళ్ళు కూడా పడినాయి. చూసేదానికే సిగ్గయింది.”

“అయ్యో! మా నాయనకు చూపిస్తామని వస్తిని. నేను భయపడి పాట నడిమిలో నిలిపేస్తినని ఎవరో ఆయనకు చెప్పినారు. ఇంక పాటా వద్దు, ఏమీ వద్దంటా ఉండాడు.”

“జరిగింది నువ్వు చెప్పలేదా?”

“ఎవరో మగాయన అంతమంది ముందర నన్ను ముట్టెనని నా నోటితో ఎట్ల చెప్పేది?”

అతను బల్ల మీది తాళంచెవి అందుకున్నాడు.

“పద పాపా, నేనే వచ్చి చెప్తా. తప్పు నాదేనంటా.”

“తప్పని తెలిసి ఎందుకు చేస్తిరి?”

“అప్పుడు తెలీలేదు. చెయ్యికి అలవాటయిపోయె. లైటు పడాలని పెండ్లికూతుర్లను అందర్నీ అట్లనే తిప్పుతా. ఇన్నేండ్లలో ఒక్క పిల్ల కూడా వద్దనలేదు.”

“ఒక్కదాన్నైనా అడిగినారా అన్నా?”

అతను జవాబు కోసం గోడ వైపు చూశాడు. గోడ నిండా పెండ్లికూతుళ్ళ ఫొటోలు. అందరి ముఖాలూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి.