శనివారం వైజాగ్

(రాజోలులో కొండబాబు ఇల్లు. గురువారం పొద్దున్న వంటింట్లో అతనూ, భార్య నాగదుర్గా.)

“శనివారం నేను రానండి. వైజాగ్ కాదు, స్వర్గానికైనా రాను.”

“అరవకే. అమ్మ వింటుంది.”

“విననివ్వండి! వాడపల్లి ఎంకన్నబాబుకి ఏడు శనివారాలు మొక్కుకున్నాను. ఆరయ్యేయి. ఇప్పుడు మానేస్తే మళ్ళీ మొదట్నించీ తిరగాలి. మీకు తెలీదేటండీ?”

“తెలుసులే. పెళ్ళయ్యేక ఎక్కడికీ తీసుకెళ్ళలేదని ఏడుస్తావని హోటల్ బుక్ చేసేను. భీమిలి ఎల్దాం. లైట్‌హౌసూ, డచ్చివాళ్ళ సమాధులూ...”

“సమాధులు చూపిస్తారా! చాల్లెండి సంబడం. అయితే ఆదివారం ఎల్దాం. అవెక్కడికీ పారిపోవుగా.”

“ఆదివారం కుదరదు.”

“ఏం?”

“కుదరదంటే కుదరదంతే.”

“అదే, ఎందుకని?”

“తస్సాదియ్యా, ప్రతిదానికీ ఎందుకూ, ఎందుకూ! ఆదివారం మూసేస్తారు.”

“ఏటండీ మూసేసేది? సముద్రమా?”

“అది కాదే...”

“బీరువాలో పాస్‌పోర్టు తీసి సంచీలో మీ బట్టల కింద ఎందుకు పెట్టేరు? భీమిలిలో పాస్‌పోర్టు అడుగుతారేటండీ?”

“నా సంచీ ఎవరు తియ్యమన్నారు నిన్ను?”

“నా మొహం చూసి చెప్పండి.”

“వైజాగ్‌లో మెడికల్ టెస్టు ఉంది. కువైట్ వీసాకి.”

“కువైట్!”

“అరవకన్నానా!”

“అరుస్తాను! ఇంక ఎల్లను, కొబ్బరి వ్యాపారం చూసుకుంటానని చంటిదాని తల మీద చెయ్యేసి ఒట్టేసేరు. ఇప్పుడు నాకు సముద్రం చూపించి, ఐస్‌క్రీం కొనిపెట్టి, అక్కడ చెప్పేద్దామనుకున్నారా? సిగ్గులేదూ?”

“ఇంట్లో చెబితే ఇలాగే గోల చేస్తావనే. నాలుగేళ్ళేనే దుర్గా.”

“పోయినసారీ అదే అన్నారు. తిరిగొచ్చేసరికి చంటిది మిమ్మల్ని అంకుల్ అంది. ఆవేళ మీరూ ఏడ్చేరు. మర్చిపోయేరా?”

“ఇక్కడ కొబ్బరి కాయకి రేటేదీ? ఏం తినమంటావ్?”

“గంజి తాగుదాం. నాకు మీరు కావాలండీ. రాత్రిళ్ళు ఫోన్లో మొహం చూసుకుని బతకడం నా వల్ల కాదు.”

“సరే, సరే. శనివారం మాత్రం రా. ఆ మొక్కేదో తర్వాత తీర్చుకుందువుగాని. మగపిల్లోడు ఓ నాలుగేళ్ళు ఆలస్యంగా పుడతాడు, అంతేగా.”

“మగపిల్లోడి కోసమని ఎవరు చెప్పేరండీ?”

“అమ్మ ఊరంతా చెప్పుకుంటోంది కదే! మనవడి కోసం మా కోడలు చెప్పుల్లేకుండా తిరుగుతోందని.”

“అత్తయ్యగారు అనుకున్నారు. నేను కాదన్లేదు.”

“మరి దేనికి మొక్కేవు?”

“మీరు ఒట్టేసిన మర్నాడే మొక్కేను. మీ ఒట్టు మీద నాకు నమ్మకం లేదండి.”

“అంటే... నా పొట్ట కొట్టమని దేవుడికి మొక్కేవా?”

“ఆయ్. శనివారం మీరు వైజాగ్ ఎల్లండి, నేను వాడపల్లి ఎల్తాను. ఆ డాక్టరుగారు మిమ్మల్ని పాస్ చేస్తారో, మా ఎంకన్నబాబు చెయ్యనిస్తాడో చూద్దాం.”