తొమ్మిది ద్రాక్షతోటలు, సైలస్ ముక్కు

"ఆ సీసా తన్నేవు తిరుపాలూ, జాగర్త," అన్నాడు సైలస్. ఖతార్‌లోని దోహా జదీదాలో సైలస్ ఉండే బిల్డింగ్ మెట్ల మీద కూర్చున్నారిద్దరూ. "సాయంత్రం పైన ప్రార్థనలో ప్రభు బల్లకి ద్రాక్షరసం అది. నలభై మందికి అదే. నెలనెలా దయమ్మక్క కాచేది. ఈసారి చెయ్యి కాల్చుకుని నాకు అప్పజెప్పింది. నాకే ఎందుకంటావ్? ఫ్రాన్సులో ద్రాక్షతోటలు తిరిగినవాణ్ణని."

"నువ్వు ఫ్రాన్సుకు పోయినావాన్నా?" తిరుపాలు అల్ సద్‌లో ఒక అరబ్బు ఇంటి డ్రైవరు. శుక్రవారం పూట కాస్త తీరిక దొరికితే ఇక్కడికే వస్తాడు.

"తొంభైనాలుగులో. మా మేనేజర్‌కి మీటింగు, ఫైళ్ళు మొయ్యడానికి నేను. మర్నాడు ఖాళీ. ఒక గైడు వ్యానెక్కించి ఒక్క రోజులో తొమ్మిది తోటలు తిప్పాడు. ఒక చోట జున్ను, ఒక చోట కాల్చిన బాతు, ఇంకో చోట నా చెయ్యంత రొట్టె. ప్రతి చోటా గ్లాసులో రెండు గుక్కల వైను."

"తాగినావా?"

"బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి, తాగుతానా? వాసన చూశానంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొదటి గ్లాసు వాసన చూసి తోట కొండకి ఏ పక్కనుందో చెప్పా. రెండోది చూసి ఏ సంవత్సరం వానలు పడలేదో చెప్పా. మూడో తోటలో, ఈ పళ్ళు తొక్కినామె ఎడమకాలికి ఆనె ఉందన్నా. ముసలి యజమాని లోపలికి పరిగెత్తి వాళ్ళావిడ చెప్పు విప్పించి చూశాడు. ఉంది."

"నువ్వు మామూలోడివి కాదన్నా." తిరుపాలు చేతిలో టీ చల్లారిపోయింది.

"విను మరి. అయిదో తోట దగ్గర గైడు తన టోపీ నా నెత్తిన పెట్టి వెనక సీట్లో కూర్చున్నాడు. ఇక అద్దం దించి వాసన పట్టుకుంటూ దారి నేనే చెప్పా. ఎనిమిదో తోటలో నేలమాళిగ, మూడు వేల పీపాలు. మూసిన తలుపు బయట నిలబడి, పదిహేడో వరసలో ఒక పీపా పులిసిపోతోంది, తీసెయ్యండి అన్నా. చూస్తే నిజమే. ఆ తోటాయన నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడనుకో. ఇక్కడే ఉండిపో, సగం తోట రాసిస్తానన్నాడు."

చేతికి గుడ్డ కట్టుకున్న దయమ్మ పై మెట్టు మీదే నిలబడి ఇదంతా వింది. దిగొచ్చి సీసా అందుకుని మూత తిప్పింది. బుస్సుమని నురగ పొంగి చీర మీద పడింది.

"ఎప్పుడు కాశావు?"

"మంగళవారం."

"ఫ్రిజ్‌లో పెట్టలేదా? ఆగస్టు ఎండలు కదయ్యా."

"అందులో బిర్యానీ గిన్నె ఉందక్కా."

దయమ్మ అరవలేదు. "పదిహేడో వరస పీపా తలుపు బయట్నుంచే పట్టేశావు. ఇది పొద్దుట్నుంచీ నీ మోకాలి పక్కనే ఉంది కదా తమ్ముడూ," అంది. "పైకి రా. కిలో ఎండుద్రాక్ష ఉంది, ప్రార్థనకింకా మూడు గంటలుంది. తొడిమలు నువ్వే తియ్యి."

సైలస్ తల వంచుకుని లేచాడు. తిరుపాలు మాత్రం కదల్లేదు. "అన్నా, తొమ్మిదో తోటలో ఏమాయె?"

సైలస్ మెట్టు మీద ఆగి ముక్కు తుడుచుకున్నాడు.

"అక్కడే పట్టింది జలుబు," అన్నాడు. "ఇంకా వదల్లేదు."