నారాయణమ్మ కడిగిన రేకులు

"తాతా, రోలుగుంట రోడ్డు షెడ్డులో కట్టిన విమానానికి రంగేసింది నువ్వేనంట కదా. అది చెప్పు, ఫోన్లో రికార్డు చేస్తన్నాను."

రంగు కాదే గుంటా, ప్రైమరు, రంగు కిందేసే అడుగు పూత. పై రంగు ఆఖర్న ఎవలో పట్నంనించి ఒచ్చి ఏసేరు. నేనేసింది లోపలి రేకులకి, పైకి కనపడదు. అయినా చోడవరంలో అందరూ నన్ను ఇమానం పెయింటరంటారు. మొన్న మంగలి షాపులో కూడా నన్నే ముందు కుర్చీలో కూకోబెట్టేరు. ఆ మాట ఇంటే నాకు తలెత్తబుద్ధి కాదు. ఎందుకో ఇప్పటివొరకు మనింట్లో ఎవలికీ సెప్పలేదు, మీ నాయనమ్మక్కూడా. అడిగేవు గాబట్టి ఇను మరి.

నేను నలబై ఏళ్ళు లారీలకి, సెరుకు ట్రాక్టర్ల తొట్లకి రంగులేసినోడిని. పని నేర్చుకున్నప్పుడు రోజుకి రెండు రూపాయలు, మజ్జాన్నం ఒక టీ. నేర్పింది మా పెదమావయ్య, బుచ్చయ్యపేటోడు. రంగు కొట్టే గన్ను నా సేతికివ్వడానికి రెండేళ్ళు తిప్పించేడు, అంతవొరకు గరుకు కాయితం రుద్దించడమే. వేళ్ళ మీద గీతలు కూడా అరిగిపోనాయి... సరే, ఆయన సంగతి ఇప్పుడెందుకులే. ఏటంటే, నాకు తెలిసిందల్లా థిన్నరు పెయింటు. ఆ ఘాటు తగిలితేనే పని సేస్తన్నట్టు.

ఆ ఇంజనీరు బాబు మనూరోడే. రిటైరయ్యి ఒచ్చీసి, రోలుగుంట రోడ్డులో వాళ్ళ తాతల్నాటి బెల్లం గోదాం ఖాళీగా ఉంటే, అందులో ఇద్దరు కూకునే సిన్న ఇమానం సొంతంగా కట్టుకోడం మొదలెట్టేడు. ఆయనా, ఆళ్ళావిడా ఎగరడానికి. రేకులన్నీ పెట్టెల్లో ఒచ్చేవి, అల్యూమినియం, అప్పడంలాగ పలచగా. నన్ను పిలిచి ఒక డబ్బా సేతిలో పెట్టేడు. "ఇది నీళ్ళతో కలిపే ప్రైమరు, అప్పారావు. థిన్నరు దగ్గరికి రానియ్యకు" అన్నాడు. మూత తీసి వాసన సూసేను. ఏటీ లేదు. నీళ్ళు కలిపేది సున్నం గానీ పెయింటేటి అని లోపల నవ్వుకున్నాను. అదిగో, ఆ పొగరే నన్ను ముంచింది.

దానికి పద్ధతి సేనా ఉందమ్మా. రేకుని స్క్రబ్బరుతో మెరుపు పోయేదాకా తోమాల. సబ్బునీళ్ళతో కడగాల. తరవాత మంచినీళ్ళు పోసి సూడాల. ఆ నీళ్ళు రేకంతా ఒకటే పొరలాగ పరుసుకోవాల. ఎక్కడన్నా విడిపోయి బొట్లు కట్టిందంటే జిడ్డు ఉన్నట్టే, మళ్ళీ మొదటికే. ఆ కడిగే పనికి నారాయణమ్మని పెట్టేరు. మన ఎనక ఈధిలో ఉంటాదే, ముందు బడిలో మజ్జాన్నం బోజనాల కాడ గిన్నెలు తోమేది, ఆవిడే. నన్ను అన్నా అనేది. రేకు ఎత్తి ఎండకి అడ్డంగా పట్టుకుని, ఒక కన్ను మూసి సూసేది. బొట్టు కనపడితే మళ్ళీ తోమేది, ఎవలూ సెప్పకుండానే. "నేను తోమిన రేకు ఆకాశంలోకెళ్తాది సూడన్నా" అని మురిసిపోయేది.

ఇప్పుడు నా సంగతి. గన్నుకి గాలి కొట్టే కంప్రెసరు నాదే, పాతది. గాలితోపాటు లోపలి నూనె కూడా కొంచెం కొట్టీది. లారీలకి సెల్లిపోయేది గానీ దీనికి సెల్లదు. అందుకని ఇంజనీరు బాబు గొట్టం మజ్జిలో ఫిల్టరు పెట్టించేడు, నూనె అందులో ఆగిపోడానికి. అది పెట్టేక గాలి జోరు తగ్గింది. గన్ను ఈడ్సుకుంటూ పని సేస్తంటే నాకు సిరాకు. ఆయన ఊళ్ళో లేని రోజు సూసి ఫిల్టరు ఇప్పీసి పక్కనెట్టీసాను. ఆయనొచ్చీ ఏళకి మళ్ళీ బిగించీసాను. అలగ ఒకసారి కాదు, సేనా సార్లు.

రేకుల మీద సేపకళ్ళంత గుండ్రటి గుంటలు పడ్డాయి. అవి నూనెవల్లే అని నాకు తెలుసు. నలబై ఏళ్ళు పనిసేసినోడికి తెలకుండా ఉంటాదేటి. పైన ఇంకో పూత ఏసీసాను, మూసుకుపోనాయి. అవి తోక భాగం రేకులు. ఆయన సూసి బాగున్నాయన్నాడు, రివెట్లు కొట్టి మూసీసేడు.

తరవాత కొన్నాళ్ళకి రెక్క రేకు మీద గీత గియ్యడానికి టేపు అంటించి పీకేడు. టేపుతోపాటు ప్రైమరు ఉల్లిపొరలాగ లేచొచ్చీసింది. ఇంకో రేకు తీసి టేపు అంటించి పీకేడు. అదీ అంతే. అప్పుడు నా ఏపు సూసి, "కడగడంలో ఏమైనా తేడా వచ్చిందంటావా, అప్పారావు?" అని అడిగేడు.

నారాయణమ్మ తొట్టి కాడే నిలబడుంది, తడి సేతుల్తో.

"అయ్యుంటాది బాబూ" అనీసాను.

అంతేనమ్మా, అంతకన్నా ఒక్క మాట కూడా ఆడలేదు. ఆయన అరవలేదు, తిట్టలేదు. రేపట్నించి రానక్కర్లేదమ్మా అని ఆవిడకి మెల్లగా సెప్పేడు. ఆవిడ రబ్బరు గ్లౌజులు కడిగి తీగ మీద ఆరేసి ఎల్లిపోయింది. నేను గన్ను కడుక్కుంటా కూకున్నాను.

నాలుగు రోజులకి మనింటికొచ్చింది. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. లోపలికి రమ్మంటే రాలేదు, అరుగు కాడే నిలబడి అడిగింది. "అన్నా, నాకేటీ కోపం లేదు. ఎక్కడ తప్పు సేసేనో సెప్పు, నేర్చుకుంటాను."

అప్పుడైనా సెప్పాల కదా. సెప్పలేదు. "ఆఖర్న నీళ్ళు సరిగ్గా పొయ్యలేదేమో" అన్నాను. ఆవిడ నమ్మింది. తలూపి ఎల్లిపోయింది.

తరవాత ఒక రోజు పొద్దున్నే పాలకని ఎనక ఈధిలోంచి ఎల్తన్నాను. ఆవిడ గుమ్మం ముందు కూకుని స్టీలు పళ్ళెం తోముతంది. తోమి, నీళ్ళు పోసి, ఎండకి అడ్డంగా పట్టుకుని, కన్ను మూసి సూస్తంది. మళ్ళీ తోముతంది. పక్కన ఇంకా నాలుగైదు పళ్ళేలున్నాయి. అన్నం తిన్న పళ్ళేలు కావవి. నన్ను సూసి పిలిచింది. "అన్నా, ఇటు సూడు, పొర నిలిచిందా?"

నిలిచింది. అద్దంలాగ ఉంది.

"మరి అక్కడెందుకు నిలవలేదో" అంది. నన్నేటీ అనుమానించలేదే, నిజంగానే ఆలోచిస్తంది.

పాలు గీలు ఏటీ లేదు, తిన్నగా షెడ్డుకెళ్ళిపోనాను. ఇంజనీరు బాబు టీ తాగుతన్నాడు. ఫిల్టరు ఇప్పీసిన సంగతి, గుంటల మీద రెండో పూత సంగతి, అంతా సెప్పీసాను. ఆయన గ్లాసు కిందెట్టేడు.

"తోక రేకులు కూడానా?"

"అవీను బాబూ."

ఆ ప్రైమరు ఊడిపోతే లోపల రేకుకి తెల్లగా తుప్పు పూసి, మెల్లమెల్లగా తినీసుకుపోతాదంట, బయటికి తెలీదు. "అందులో నేనూ, మా ఆవిడా కూచుంటాం, అప్పారావు" అన్నాడు. అంతే. లెంపకాయ కొట్టినా బాగుణ్ణు.

తోక మళ్ళీ ఇప్పేం. ఒక్కొక్క రివెట్టూ డ్రిల్లేసి తియ్యాల, కన్నం పెద్దదవకూడదు. ఆయన పక్కన నిలబడి నాసేతే తీయించేడు. రెండు నెలలు పట్టింది. కొన్ని రేకులు పాడయిపోనాయి, మళ్ళీ తెప్పించేరు. నారాయణమ్మ ఇంటికి ఆయనే ఎల్లి, జరిగింది సెప్పి, దండం పెట్టి తీసుకొచ్చేడు. ఆవిడ ఒచ్చింది. ఎప్పట్లాగే కడిగేది. కాపోతే కడిగిన ప్రతి రేకూ నా ముందెట్టి, నీళ్ళు పోసి సూపించి, నేను సూసేనని తెలిసేకే ఎల్లేది. అన్నా అనడం మానీసింది. పెయింటరు గారూ అనేది. కోపంగా కూడా కాదే తల్లీ, మర్యాదగా.

పోయినేడు ఇమానాన్ని లారీకెక్కించి, ఎక్కడో రన్‌వే ఉన్నకాడికి తీసుకెళ్ళేరు. పర్మిషన్లన్నీ ఒచ్చేయి, ఎగిరింది. నారాయణమ్మని కారులో తీసుకెళ్ళి సూపించేరు. నన్నూ పిలిచేరు. మోకాళ్ళ నొప్పులన్నాను. మోకాళ్ళకేటీ లేదు, బాగానే ఉన్నాయి.

నిజం సెప్పేను కదా అంటావు నువ్వు. ఎవలికి సెప్పేను, ఇంజనీరు బాబుకి. ఆవిడకి సెప్పింది ఆయన, నేను కాదు. ఆవిడ తిరిగొచ్చేక ఎనిమిది నెలలు ఒకే షెడ్డులో పనిసేసేం, నాదే తప్పు నారాయణమ్మా అని నా నోటితో ఒక్కసారి అన్లేదు. కొట్టు కాడ ఎదురవుతాది. నోటిదాకా ఒస్తాది. మీ ఈధిలో కరెంటుందా అని అడిగీసి ఒచ్చీస్తాను. ఇంత వయసొచ్చి...

ఇదిగో, నీకు సెప్తంటే తిన్నగానే ఒచ్చింది సూడు మాట. ఆవిడ కాడ ఎందుకు రాదో.

ఏటి, తోడొస్తావా? ఒద్దమ్మా. నువ్వుంటే నిన్ను సూసి మెత్తబడతాది, అది బాగోదు. ఒక్కడినే ఎల్లాల. నువ్వు సల్లగుండు తల్లీ, మంచి ఉద్యోగం సెయ్యి, నలుగురిలో తలెత్తుకుని తిరగాల నువ్వు. ఎండ తగ్గినట్టుంది కదా, ఈ పాటికి ఇంటికొచ్చుంటాది... నా సెప్పులెక్కడున్నాయో సూడు.