లోవ్రెంక్ పెట్టె

స్లొవేనియా కొండల్లో సెప్టెంబరు చలి మొదలైంది. చనిపోయిన లోవ్రెంక్ తేనెపెట్టె ముందు అతని భార్య, తమ్ముడు నిలబడ్డారు.

"తేనెటీగలు గుప్పెడే మిగిలాయి వదినా. మంచుకి బతకవు. నా పెట్టెలో కలిపేస్తా."

"కొట్టుకు చావవూ?"

"మధ్యన వార్తాపత్రిక పరుస్తాగా. దాన్ని కొరికి దారి చేసుకునేలోగా రెండు గుంపుల వాసనా ఒకటైపోతుంది."

"మరి రాణులు ఇద్దరవుతారే?"

"ఈ ముసలిదాన్ని ముందే నలిపెయ్యాలి. తప్పదు."

"మీ అన్నయ్య దాన్ని ప్రాణంగా చూసుకున్నాడు."

"అన్నయ్య లేడుగా. నువ్వూ మా ఇంటికొచ్చెయ్. చలికాలమంతా ఒక్కదానివే ఏం చేస్తావు? నా పెళ్ళాం రెజ్కా కూడా రమ్మంది."

"తనే అందా, నువ్వు అనిపించావా?"

అతను ఈగలకు పొగపెట్టే డబ్బా సర్దుకున్నాడు.

"పెట్టె పట్టుకెళ్ళు అబ్బాయ్. రెజ్కాకీ నాకూ మధ్య పరిచేంత కాగితం ఏ పత్రికవాడూ అచ్చెయ్యలేదు."