రెండువందల పద్నాలుగు చీటీలు

“ఈ దస్తూరీ మీదా కాదా మాస్టారూ? అది చెప్పండి చాలు.”

“నాదే. మీ ముగ్గురు పిల్లలూ దిద్దుకున్న దస్తూరీయే కదా యోస్ట్ గారూ. మళ్ళీ అడగడమెందుకు?”

“అడగాల్సి వచ్చింది. పైకి చదవండి.”

“వీగాండ్.”

“ఉన్నది చదవండి. ఉండాల్సింది కాదు.”

బడిపంతులు మెల్కియోర్ లాంట్జ్ ఆ కాగితం ముక్కని ఎడమచేత్తో పట్టుకుని వెలుగుకేసి తిప్పాడు. ఇంగ్లీషులో మొదటి అక్షరం తర్వాత రావలసిన ‘ఐ’, ‘ఈ’ అనే రెండక్షరాలు ముందుది వెనక్కీ, వెనకది ముందుకీ పడి ఉన్నాయి.

“వైగాండ్,” అన్నాడు మెల్లిగా.

“ఆఁ. వైగాండ్. ఎవరండీ ఈ వైగాండ్? మీకేమైనా చుట్టమా?”

ఆ ఏడు పెన్సిల్వేనియా గవర్నరు ఎన్నికలో కొట్టుకున్నది రెండు పార్టీలు కాదు, ఒకే పార్టీలోని రెండు వర్గాలు. ఉన్న గవర్నరునే ఉంచాలన్నవాళ్ళు పాతవర్గం. ఆయన్ని దించి జర్మన్ రైతుబిడ్డ వీగాండ్‌ని కూర్చోబెట్టాలన్నవాళ్ళు కొత్తవర్గం. మొన్నటిదాకా ఒకే బల్ల దగ్గర తిని తాగినవాళ్ళు చర్చిలో కూడా ఎడంగా కూర్చోవడం మొదలుపెట్టారు. ఈ ఊళ్ళో కొత్తవర్గానికి పెద్ద, వాగు మీద నీటిమిల్లు నడిపే యోస్ట్ క్రోల్. వీగాండ్ గెలిస్తే ఇక్కడి మేజిస్ట్రేటు పదవి యోస్ట్‌దేనని అందరికీ తెలుసు. మేజిస్ట్రేట్లని వేసేది గవర్నరే మరి. ఊళ్ళో చాలామందికి జర్మన్ తప్ప ఇంగ్లీషు రాయడం రాదు. అందుకని యోస్ట్ తనవాళ్ళందరికీ సరిపడా ఓటు చీటీలు పంతులు చేత రాయించాడు. వాళ్ళు వాటినే మడిచి పెట్టెలో వేసి వచ్చారు.

“పట్నంలో లెక్క చూసిన పెద్దల్లో పాతవర్గం వాళ్ళే ఎక్కువ,” అన్నాడు యోస్ట్. “వైగాండ్ అనేవాడు ఎన్నికలో నిలబడలేదు, ఇవి చెల్లవన్నారు. మన ఊరివి రెండువందల పద్నాలుగు చీటీలు. ఒక్కటీ చెల్లలేదు. రాష్ట్రం మొత్తం మీద మనవాడు ఎన్నింటికి ఓడిపోయాడో తెలుసా?”

“తెలీదు.”

“నూట డెబ్భైకి.”

పెరట్లో పొయ్యి మీద రాగి కాగులో యాపిల్ గుజ్జు ఉడుకుతోంది. మెల్కియోర్ భార్య సిబిల్లా పొద్దున్నుంచీ దాని ముందే నిలబడి, పొడుగాటి తెడ్డుతో కలుపుతూనే ఉంది. ఆపితే అడుగంటుతుంది. వాళ్ళిద్దరి మాటలూ ఆమె వీపు వెనకే జరుగుతున్నాయి.

“కూర్చోండి యోస్ట్ గారూ. సిబిల్లా, ఆయనకి తాగడానికి ఏమైనా…”

“నేను కూర్చోను. పోయిన నెల గ్రోష్ మీ ఇంటికెందుకొచ్చాడు?”

“ఏ గ్రోష్?”

“ఊళ్ళో ఎంతమంది గ్రోష్‌లున్నారు మాస్టారూ?”

“సత్రం గ్రోషా. ఉత్తరం చదివించుకోడానికొచ్చాడు.”

“ఏం ఉత్తరం?”

“అది అతని ఉత్తరం. నేను చెప్పకూడదు.”

“బాతుతో వచ్చాడట కదా.”

“చదివిపెట్టినందుకు ఇచ్చాడు.”

“ఉత్తరం చదివితే బాతు. మరి చీటీ తిరగరాస్తే ఏమిచ్చాడు?”

గ్రోష్ పాతవర్గం మనిషి. అది మెల్కియోర్‌కి తెలియక కాదు. కానీ నలభై ఏళ్ళుగా ఊళ్ళో ఉత్తరాలన్నీ చదివిపెట్టేది తానే. ఎవరు ఏ వర్గమో చూసుకుని తలుపు తీయడం అతనికి అలవాటు లేదు. ఆ మాటే చెప్పాడు. యోస్ట్ విన్నాడు గానీ నమ్మినట్టు లేడు. పట్నం నుంచి బండిలో రెండు రోజులు కూర్చుని వచ్చిన మనిషి, దారి పొడుగునా ఇదే ఆలోచించుకుంటూ వచ్చినట్టున్నాడు.

“మీరు చూసుకున్నారు కదా,” అన్నాడు మెల్కియోర్. “పంచింది మీరే. మీ కళ్ళకి మాత్రం పడలేదా?”

యోస్ట్ కాసేపు టోపీ అంచు దులుపుకున్నాడు. “నాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే. మాస్టారు రాశారు, ఇంకేం చూడాలి అనుకున్నాను. మొత్తం ఊరు అలాగే అనుకుంది. అందుకే అడుగుతున్నాను, ఒకటి తప్పితే పొరపాటు అంటాం, పది తప్పితే పరాకు అంటాం. రెండువందల పద్నాలుగు వరసగా తప్పితే ఏమంటారు?”

“నేను డబ్బు తీసుకోలేదు యోస్ట్ గారూ.”

“అయితే ఒక పని చెయ్యండి. సిరాబుడ్డి తెప్పించండి. నా కళ్ళముందు ఆ పేరు ఒక్కసారి రాయండి. ఇప్పుడు కూడా చెయ్యి అలాగే తిరిగితే సరే, అలవాటులో పడిందనుకుంటాను. సరిగ్గా రాశారంటే మాత్రం అప్పుడు తెలిసే చేశారన్నమాట.”

“నేను పరీక్షలు పెట్టేవాణ్ణి. రాసేవాణ్ణి కాదు.”

“రాయరా?”

“రాయను.”

“రాయలేరా?”

మెల్కియోర్ కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. వసంతకాలం నుంచీ అది అక్కడే ఉంటోంది. మొదట చిటికెనవేలు, తర్వాత మణికట్టు, ఈస్టరు నాటికి చెయ్యంతా ఆకులా వణకడం మొదలుపెట్టింది. బడిలో పలక మీద రాయవలసినవన్నీ పెద్దపిల్లల చేత రాయిస్తూ నెట్టుకొస్తున్నాడు. రాయలేని పంతులుకి బడి ఉండదు. బడి లేకపోతే, బడికి ఆనించి కట్టిన ఈ రెండు గదుల ఇల్లూ ఉండదు.

“నేనే రాశాను,” అంది సిబిల్లా ఇటు తిరక్కుండానే.

“నువ్వూరుకో.”

“నేనే రాశానని చెబుతున్నాను కదా.”

“నిన్ను ఊరుకోమన్నానా లేదా?” మెల్కియోర్ జేబులోంచి చెయ్యి తీశాడు. ఎండలో అది అతనికి కూడా పరాయి చెయ్యిలాగే కనిపించింది. “చూడండి యోస్ట్ గారూ. దీంతో నా పేరు కూడా రాయలేను. మార్చి నుంచి నా రాతకోతలన్నీ ఆవిడే చేస్తోంది. నా దస్తూరీ అచ్చం దింపేస్తుంది.”

యోస్ట్ ఆ చేతికేసి చూశాడు. కోపం ఎటు మళ్ళించాలో తెలియనట్టు అటూ ఇటూ తిరిగి, కాగు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

“అయితే చీటీలు రాసింది నువ్వా అమ్మా?”

“అవును.”

“అపొలోనియా నీకు సొంత చెల్లెలే కదూ?”

“ఊళ్ళో అందరికీ తెలిసిందే.”

“నేను ఆనకట్ట ఎత్తు పెంచినందుకు నా మీద ఫిర్యాదు పెట్టింది. ఇప్పుడున్న మేజిస్ట్రేటు ఆవిడ మాట వింటున్నాడు. ఆవిడ పచ్చికబీడు సంగతి నీ మనసులో ఉందేమోనని అడుగుతున్నాను.”

“దాని బీడు నా మనసులో ఎందుకుంటుందండీ? నీళ్ళలో ఉంది.”

“మాటలు బాగా నేర్చావు.”

“రెండు ఆవులతో బతికే విధవరాలు. ఇప్పుడు ఆ బీట్లో కప్పలు మేస్తున్నాయి. అది అందరూ అనే మాటే, నేను కొత్తగా నేర్చిందేం కాదు.”

“యోస్ట్ గారూ, ఆవిణ్ణి అడక్కండి,” అన్నాడు మెల్కియోర్ మధ్యలోకి వచ్చి. “ఆవిడకి ఇంగ్లీషు రాదు. జర్మన్ ప్రార్థనలు చదువుకుంటుంది, అంతే. ఇంగ్లీషు అక్షరాలు దుప్పటి మీద పువ్వులు కుట్టినట్టు చూసి దింపుతుంది. అది పువ్వో కాయో ఆవిడకి తెలీదు. ఒక్కో అక్షరం నేను చెప్పాను, ఆవిడ గీసింది. మొదటి చీటీ అయ్యాక మిగతావన్నీ దాన్ని చూసి దింపింది.”

“మీరు మళ్ళీ చూసుకోలేదా?”

“లేదు. చెప్పింది నేనే కదా, ఇంకేం చూడాలి అనుకున్నాను. మీరు అనుకున్నట్టే.”

“అయితే తప్పు…”

“నాది. నోట్లో తప్పిందో, తలలో తప్పిందో. చెప్పింది నేను.”

యోస్ట్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇన్నేళ్ళు మిల్లులో ధాన్యం కొలిచిన మనిషి, తేడా ఎక్కడో ఉందని అతనికి తోస్తూనే ఉంది.

“అమ్మా, మాస్టారు ఏం చెబితే అదే రాశావా?”

“ఆయన చెప్పింది విన్నాను.”

“విన్నావా అని కాదు. రాశావా అని.”

“ఆ కట్టె కాస్త లోపలికి తొయ్యండి, పొయ్యి ఆరిపోతోంది.”

అతను కాలితో కట్టె తోశాడు. మళ్ళీ అడగలేదు. అరవై ఏళ్ళు దాటిన ఆడమనిషి, ఇంగ్లీషు ముక్క రాని మనిషి, మొగుడి చెయ్యి పడిపోతే ఆరునెలలు గుట్టుగా కాపురం ఈదింది. ఆమె మీద అనుమానం పెట్టుకుని ఊళ్ళోకి పోతే తననే నవ్వుతారు. గ్రోష్ బాతు కథ కూడా ఆ వణికే చెయ్యి ముందు నిలవలేదు.

తర్వాత అతను మాట్లాడింది నెమ్మదిగానే. బడి పెద్దల్లో తానూ ఒకడినని, సోమవారం వాళ్ళంతా కలుస్తారని చెప్పాడు. మంచు పడేలోగా ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వస్తుందేమో, తన చేతుల్లో ఏమీ లేదన్నాడు. మాస్టారు అమ్ముడుపోయాడని మాత్రం ఎవరినీ అననివ్వనని మాట ఇచ్చాడు.

“ఏం చెబుతారు మరి?” అని అడిగాడు మెల్కియోర్.

“పెద్దవాడైపోయాడని చెబుతాను. మతి తప్పుతోందని.”

“సరే.”

“అంతకంటే మర్యాదగా చెప్పడం నాకు రాదు మాస్టారూ.”

“సరేనన్నాను కదా. మీ దయ.”

బండి చక్రాల చప్పుడు వాగు దాకా వినపడింది. మెల్కియోర్ మెట్టు మీద కూర్చున్నాడు. సిబిల్లా రొట్టె కోసి, మీద వేడి గుజ్జు రాసి ఆయన పక్కన పెట్టి, మళ్ళీ కాగు దగ్గరికి వెళ్ళిపోయింది.

“తినండి. చల్లారితే బాగుండదు.”

“అపొలోనియా దగ్గర వెనక గది ఖాళీగానే ఉందా?”

“ఉంది. తినండి.”

“సిబిల్లా, ఆ రోజు నేను ఏమన్నాను?”

“ఏ రోజు?”

“చీటీలు రాసిన రోజు. ఏ అక్షరం ముందన్నాను?”

“ఇప్పుడదంతా ఎందుకండీ? అయిపోయింది కదా.”

“నాకు గుర్తుంది. సరిగ్గా చెప్పినట్టే గుర్తుంది. అదే భయంగా ఉంది. తప్పు చెప్పానని గుర్తుంటే పర్వాలేదు, సరిదిద్దుకోవచ్చు. తప్పు చెప్పి, సరిగ్గా చెప్పినట్టు గుర్తుంటే ఇక దేన్ని నమ్మను?”

“అందరికీ పొరపాట్లు జరుగుతాయి.”

“మా నాన్నకి కూడా మొదట చెయ్యే పోయింది. నీకు తెలుసు, నువ్వే అన్నం పెట్టావు. రెండేళ్ళకి నన్ను చూసి, ఈ అబ్బాయి ఎవరి తాలూకు అని నిన్నే అడిగాడు.”

“మీకు అలా కాదు.”

“నీకెలా తెలుసు? రెండక్షరాలు పోయాయి. ఆ తర్వాత నాలుగు పోతాయి. ఒకనాడు లేచి నీ పేరు కూడా…” అతను రొట్టె పక్కకి నెట్టాడు. “ఇవాళ్టి నుంచి భోజనం ముందు బైబిలు నువ్వే చదువు. జర్మన్‌లోదే కదా, నీకొచ్చు. నేను ఒక మాటకి ఇంకో మాట చదివి, అదే సరి అనుకుంటానేమో. ఉత్తరాలకి ఎవరైనా వస్తే పంపించెయ్యి. సోమవారం బడి పెద్దల ముందు నేను నోరెత్తను. నువ్వే మాట్లాడు.”

“మీరలా మాట్లాడకండి.”

“ఎలా మాట్లాడను? నలభై ఏళ్ళు ఊరందరికీ అక్షరాలు చెప్పి, చివరికి ఒక గవర్నరు పేరు తప్పుచెప్పి ఒక రాష్ట్రాన్నే ముంచాను. పాపం, ఆ వీగాండ్ ఎవరో నన్ను చూడనైనా లేదు.”

తెడ్డు ఆగిపోయింది. గుజ్జు అడుగున అంటుకుని మాడు వాసన వచ్చింది. సిబిల్లా దాన్ని కదపలేదు. నడుముకి కట్టుకున్న గుడ్డతో చేతులు తుడుచుకుని వచ్చి, మెట్టు మీద ఆయన పక్కన కూర్చుంది. వణికే చేతిని తీసి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. అది ఇంకా వణుకుతూనే ఉంది.

“నేను చెప్పాక కూడా ఈ చెయ్యి నా చేతిలో ఉంచుతారా?”

“ఏం చెప్పాక?”

“బడిగోడకి ఇటువైపు నలభై ఏళ్ళు వంట చేశానండీ. అటువైపు మీరు చెప్పిందంతా నాకూ వచ్చు, ఇంగ్లీషుతో సహా. ఆ రోజు మీరు సరిగ్గానే చెప్పారు.”