కార్శి చెరుకు

హలో… ఆ, నేనే. తుకారాంనే.

…ఇస్రారా? గొంతు గుర్తువట్టలే. నేను చక్కెర ఫ్యాక్టరీల నౌకరి ఇడిసినంక నువ్వు ఫోన్ చేసుడు ఇదే మొదలు గద.

…చేన్ల ఉన్న. చెప్పు.

…గేటు తెరుసుకుంటలేదని ఎరికే. మా వెంకటి ట్రాక్టరు సుత గా లైన్లనే ఉన్నది. పొద్దుగాల సంది ఎండుతున్నది చెరుకు. ఎండితే తూకం పోతది… నీకు చెప్పేదేమున్నది.

…కాంటా నడుస్తున్నదా? మరేంది?

…ఊఁ. కాంటా సాఫ్ట్‌వేర్ వేరే, చెరుకు కొట్టే పర్మిట్‌ది వేరే, రైతు ఖాతాది వేరే. ఖాతాది పండుకున్నది. మిగిలినయి దాని జవాబు కోసం కూసున్నయి.

…నవ్వుతలేను. సిగ్నల్ గట్లున్నది.

…యాదికున్నది. నేను రాసిన సాఫ్ట్‌వేర్ మొత్తం ఒక్కటే ముద్ద, పాతకాలంది అన్నవ్. ముక్కలు చేసుడే కొత్త పద్ధతి అని సార్లకు బొమ్మలు గీసి సూపెట్టినవ్… బొమ్మలు మంచిగనే గీసినవ్.

…ఏంది? మళ్ల అన్ని కలుపుతరా?

…ఓహో. ఇప్పుడు గదే కొత్త పద్ధతా… మంచిది.

…నా పాతదే తీసి పెడతవా? వద్దు.

…కోపం కాదు బేటా. నా దాంట్ల కాంటా మిషన్ మారిస్తే ఫ్యాక్టరీ మొత్తం ఆగుతుండె. మర్సినవా? నువ్వు ముక్కలు చేసినంకనే ఆ తిప్పలు పోయింది. కాంటాను వేరేగనే ఉండనియ్యి. మిగిలినయి కలుపు.

…గదంతా సీజన్ అయినంక. ఇప్పుడైతే తూకం కాంగనే గేటు తెరువుమను. తూకం లెక్క ఖాతాలకు తర్వాత ఎక్కియ్యి.

…సార్ అడిగితే నా పేరు చెప్పు. నన్నెట్ల తీసేస్తడు, నేనే ఇడిసి వస్తిని.

…ఎనుకకు పోతున్నమా అంటే… ఏమో. నేనిక్కడ చెరుకు కొట్టినంక మిగిలిన మోళ్లు చెక్కుతున్న. మీ గేటుకాడ ఎండేది ఈ చేను చెరుకే. నిన్న కొట్టినం. గా మోళ్లకెల్లే మళ్ల మొలుస్తది, కార్శి. ఎక్కడన్న మొలవకపోతే కొత్త పిలకలు నాటుత.

…వేరు పాతదే. పంట వచ్చే యేటిది… సార్‌కు గిట్ల చెప్పకు. ఆయన చెరుకు సంచులల్ల వస్తదనుకుంటడు.

…తెరిసినవా? లైను కదిలిందా?

…ఉండు, వెంకటి ఫోన్ చేస్తుండు. లోపలికి పోయిండో ఏమో.

…ఆ, ఆ. మళ్ల ముక్కలు చేద్దామంటరు గద, అప్పుడు ఫోన్ చెయ్యి. ఇదే నంబరు.

పెడుతున్న.